గేర్ బాక్సులో శబ్దం

"వినిపిస్తోందా మాష్టారూ?"

స్టీరింగు ముందు కూర్చున్న ఓనరు కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. రివర్సు గేరు వేసి కారును అంగుళం అంగుళం వెనక్కి నడుపుతున్నాడు. అడుగునుంచి టక్, టక్, టక్ మంటూ, లోపలెవరో కూర్చుని చిన్న సుత్తితో కొడుతున్నట్టు శబ్దం. గేటు దగ్గర నిలబడ్డ వాళ్ళకు కూడా వినిపిస్తోంది.

మాష్టారు చెవి వెనక అరచెయ్యి దొప్పలా పెట్టుకుని కాస్త ముందుకు వంగాడు. ఆ డ్రైవింగ్ స్కూలు పుట్టినప్పటి నుంచి ఉన్న మనిషి.

"ఏం శబ్దం బాబూ?"

క్లాసు కోసం బెంచీ మీద కూర్చున్న నలుగురూ పక్కున నవ్వారు. నవ్వొచ్చే మాటే కదా మరి. మాష్టారు మాత్రం నవ్వలేదు. చెయ్యి చెవి దగ్గరే ఉంచుకుని, ఇంకోసారి వింటే వినిపిస్తుందేమో అన్నట్టు అలాగే వంగి ఉన్నాడు.

"అదీ సంగతి!" ఓనరు ఇంజను ఆపి దిగాడు. "గేర్లు గీరుకుంటున్నా ఈయనకి వినపడదు. వినపడందే ఆపేదెలా? బంగారం లాంటి బండి. చూశారుగా మీరంతా."

క్లచ్ మేడమ్ తాళాల గుత్తి పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. పొద్దుట్నుంచి 'క్లచ్! క్లచ్!' అని అరుస్తుంది కాబట్టి నేర్చుకునేవాళ్ళు పెట్టిన పేరది. ఆమె గొంతు వీధి చివరికి వినిపిస్తుందంటారు. ఇప్పుడు మాత్రం ఆ గుత్తిలో తాళాలు ఒక్కొక్కటే తిప్పుతోంది.

"రేపట్నుంచి మీరు ఈ కారు ముట్టుకోకండి మాష్టారూ," అన్నాడు ఓనరు. "సోమవారం వర్క్‌షాపుకి పంపిస్తున్నా. మెకానిక్కుతో మాట్లాడాను. ముందు ఆయిల్ దింపుతాడట. అందులో ఏం పడిందో చూస్తే ఎవరి చేతిపనో కూడా చెప్పేస్తాడట. నాకైతే తెలిసిపోయిందనుకో."

నిజంగా తెలిసింది క్లచ్ మేడమ్ ఒక్కదానికే. నెలన్నర కిందట ఓ నర్సమ్మకు పార్కింగు నేర్పుతోంది. ఆలస్యమైపోయిందని తొందర. కారు ఇంకా ముందుకు దొర్లుతూనే ఉంది. ఆమె తన వైపున్న, నేర్పేవాళ్ళ కోసం పెట్టిన రెండో క్లచ్ తొక్కి, నర్సమ్మ చేతిమీద నుంచే గేర్ రాడ్ లాగి రివర్సులోకి తోసేసింది. నేర్పేవాళ్ళకే ఉండే రోగం అది, పక్క సీట్లో కూర్చుని బండంతా తామే నడపడం. ఫట్ మని ఒక్క చప్పుడు వచ్చింది. "ఏంటి మేడమ్ అది?" అంది నర్సమ్మ బెదిరిపోయి. "నువ్వు క్లచ్ సరిగ్గా తొక్కలేదు," అంది ఆమె, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. ఆ పిల్ల "సారీ మేడమ్" అని రెండుసార్లు చెప్పింది.

ఇప్పుడు చెప్పెయ్యొచ్చు. ఒక్క మాట. కానీ ఓనరు ఆమె వైపు తిరిగి, "రెండు పూటలా మీరే చూసుకోండి మేడమ్, బండి ఎప్పట్లాగే మీ ఇంటి దగ్గరే ఉంచండి," అంటే, "సరే సార్," అని వచ్చింది నోట్లోంచి.

శనివారం మాష్టారు మామూలు వేళకే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్నూ, అంతా ఎప్పట్లాగే. చెయ్యడానికి మాత్రం పనేం లేదు. బెంచీ చివర కూర్చుని, రాకపోకలు చూస్తూ, కాళ్ళు క్లచ్ మీదా బ్రేకు మీదా ఉన్నట్టు నేలకేసి నెమ్మదిగా అదుముతున్నాడు. ఎదుట ఓ అమ్మాయి బండి ఆపబోతుంటే కుడికాలు ఠక్కున నేలకానింది.

అంతకు ముందురోజు దాకా ఆయనతో మామూలుగా మాట్లాడిన వాళ్ళంతా ఇప్పుడు అరుస్తున్నారు. టీ తెచ్చినవాడు కూడా చెవి దగ్గరికి వంగి, "చక్కెర వెయ్యమంటారా?" అని కేక పెట్టాడు.

"ఆఁ?" అన్నాడు మాష్టారు.

క్లచ్ మేడమ్ క్లాసు మధ్యలో నీళ్ళు తాగడానికి వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఈ మనిషి పక్కన కూర్చునే ఆమె స్టీరింగు పట్టుకోవడం నేర్చుకుంది. ఏం మాట్లాడాలో తోచక, "భోజనం చేశారా మాష్టారూ?" అంది. అందరిలాగే తనూ గొంతు పెంచి అంది. అన్నాక సిగ్గేసింది.

ఆయన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, "నా సంగతికేం గానీ తల్లీ, బండి జాగ్రత్త," అన్నాడు.

ఆమె నీళ్ళు తాగకుండానే కారు వైపు వెళ్ళిపోయింది.

ఆ రోజంతా రివర్సు వేసినప్పుడల్లా ఆమె కిటికీ అద్దం ఎక్కించేసింది. రివర్సూ, పార్కింగూ మొదట్నుంచీ ఆమె క్లాసులే. మాష్టారివి రోడ్డు క్లాసులు. ఆయిల్లోంచి విరిగిన రివర్సు గేరు పన్ను బయటపడిందంటే మెకానిక్కుకు ఇంకేం అడగనక్కర్లేదు. తిన్నగా వేలు పెట్టి చూపిస్తాడు. ఆమె ఉద్యోగం పోతే ఇల్లు ఎవరి మీద నడవాలి? భర్త పనిచేసే కంపెనీ మూతపడ్డాక ఐదు నెలలుగా అతను పొద్దున్నే చొక్కా వేసుకుని పని వెతుక్కుంటూ వెళ్ళడం, చీకటి పడేలోగా వాడిపోయి రావడం. ఇంట్లో జీతం అనే మాట ఆమె ఒక్కదాని నోటే వస్తోంది.

మెకానిక్కు కంటే ముందు ఆ ఆయిల్ తనే దింపాలి. శనివారం సాయంత్రం ఇంటికి వెళ్తూ దారిలో దుకాణం దగ్గర ఆగి రెండు లీటర్ల గేర్ ఆయిలూ, రెండు కొత్త వాషర్లూ కొంది. దుకాణం అతను "దేనికమ్మా?" అని అడిగాడంతే. ఆమె చిల్లర తీసుకోకుండానే వచ్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం పెరటి వైపు రేకుల కింద కారు పెట్టింది. ముందు ఓ పావుగంట తిప్పుకొచ్చింది. ఆయిల్ వెచ్చబడితేనే సరిగ్గా కారుతుంది. ఒక్కో చక్రం దగ్గర జాకీ పెట్టి ఎత్తి, కింద చెక్క దిమ్మె తోసి దించింది. నాలుగు చక్రాలూ దిమ్మెలెక్కి, కారు సమంగా నిలబడ్డాక పక్కనుంచి భుజంతో తోసి చూసింది. కదల్లేదు. అయినా నమ్మకం కలగలేదు. మళ్ళీ తోసింది.

"మీద పడదు కదే?" అంది అత్తయ్య. చీర చెంగు నడుముకు దోపుకుని, గరాటు చేత్తో పట్టుకుని సిద్ధంగా ఉంది. చెయ్యి సాయం కావాలని కోడలు అడగ్గానే ఎందుకని కూడా అడగలేదు. ఆదివారం మధ్యాహ్నం ఆవిడకు ఏ పనీ లేకపోతే పిచ్చెక్కుతుంది.

"పడదు అత్తయ్యా."

"పడితే నేను ఎత్తలేను. ముందే చెప్తున్నా."

ఆమె గోనె పట్టా పరుచుకుని వెల్లకిలా కిందికి జరిగింది. మొహానికి జానెడు ఎత్తులో కారు పొట్ట. ఎండిన మట్టి పెచ్చులు కళ్ళలో రాలుతున్నాయి. గేర్ బాక్సుకు రెండు బోల్టులు. పక్కన కాస్త ఎత్తులో ఉన్నది పొయ్యడానికి, అడుగునున్నది దింపడానికి. ముందు పైది ఊడుతుందని తేల్చుకోవాలి. అది ఊడకుండా కింది నుంచి ఆయిలంతా దింపేసుకుంటే మళ్ళీ పొయ్యడానికి దారి ఉండదు. బండి దిమ్మెల మీదే చస్తుంది, సోమవారం పొద్దున అందరూ వచ్చి చూస్తారు.

పై బోల్టుకు రింగు పానా పెట్టి గుంజింది. ఉహూఁ. మళ్ళీ గుంజింది. పానా జారి, వేలి కణుపులు ఇనుముకు కొట్టుకుని చర్మం లేచిపోయింది.

"ఏమైందే?"

"ఏం లేదు."

ఏం లేదన్న గొంతు ఏడుపులా వచ్చింది. పానా పిడికి ఓ ఇనప గొట్టం తొడిగి, బోల్టు చుట్టూ తుప్పు వదిలే నూనె కొట్టి, పది నిమిషాలు అలాగే పడుకుని ఉంది. ఆ పది నిమిషాల్లో వీధిలో ఏ బండి ఆగినా ఓనరే వచ్చాడనుకుంది. ఓ స్కూటరు గేటు దగ్గర ఆగి, ఎవరితోనో మాట్లాడి వెళ్ళిపోయే దాకా ఊపిరి బిగబట్టింది. తన ఇంట్లో, తన పెరట్లో, దొంగలా. ఆఖరికి రెండు కాళ్ళూ చక్రానికి తన్ని పెట్టి గొట్టం మీద బరువంతా వేస్తే, పై బోల్టు టప్ మని వదిలింది.

కింది బోల్టు సులువుగానే వచ్చింది. ఆఖరి చుట్టు చేత్తో తిప్పి చటుక్కున పక్కకు లాగేసరికి, వెచ్చటి ఆయిల్ మణికట్టు మీదుగా మోచేతి దాకా కారి, తర్వాత బేసిన్లో సన్నగా పడసాగింది. కుళ్ళిన గుడ్డు వాసన.

"అబ్బబ్బ! ఇదేం కంపే తల్లీ!" అత్తయ్య చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "ఇలాంటిది కడుపులో పెట్టుకుని ఎలా తిరుగుతోందే ఇది?"

బోల్టు కొసన అయస్కాంతం ఉంటుంది. ఇనప పొడి ఏదైనా ఉంటే దానికి పట్టుకుంటుంది. ఆమె బయటికి జరిగి, లేచి కూర్చుని, వెలుతుర్లో దాన్ని చూసింది. బూడిద రంగు ముద్ద, వేలికి మెత్తగా కాటుకలా అంటుకుంది. మామూలు అరుగుదలే. ప్రతి బండికీ ఉండేదే. గుడ్డతో తుడిచి మళ్ళీ చూసింది. ముక్క గానీ, పలుకు గానీ ఏదీ లేదు.

ఏదీ లేదు! ఆమెకు ఒక్కసారి నవ్వొచ్చింది. నెలన్నరగా ఊరికే చచ్చిపోయింది. ఆ ఫట్ మన్నది ఏదో అయ్యుంటుంది, ఈ టక్ టక్ ఇంకేదో అయ్యుంటుంది. నిజంగా మాష్టారే చేశాడేమో. పెద్దవాడు, వినపడదు, పాపం. ఆ మాట అనుకోగానే ఎంత హాయిగా ఉందో.

"ఈ కంపుని డబ్బాలో పోసెయ్యనా?" అత్తయ్య అప్పటికే బేసిను ఎత్తి, పాత టీ వడపోతను డబ్బా మూతికి ఆనించింది.

"వడపోత ఎందుకు అత్తయ్యా? ఊరికే పోసెయ్యండి."

"మట్టీ మశానం అంతా పడింది కదే ఇందులో. ఎవరైనా గేటు కీళ్ళకి అడిగితే ఇవ్వొచ్చు."

ఆయిల్ నెమ్మదిగా వడపోతలోంచి దిగుతోంది. బేసిను అడుక్కి వచ్చేసరికి టిక్ మని చిన్న చప్పుడైంది. ఆవిడ వడపోత పైకెత్తి కళ్ళు చిట్లించి చూసింది.

"ఇదేంటే, పన్నులా ఉంది?"

గోరంత ముక్క. ఆమె చేతిలోకి తీసుకుని గుడ్డతో తుడిచింది. రెండు వైపులా అరిగి నునుపుగా ఉంది. మూడో వైపు, విరిగిన చోట, తళతళా మెరుస్తోంది. తిన్నగా కోసిన పన్ను. రివర్సు గేరుకే అలా ఉంటాయి. ముందుకు వెళ్ళే గేర్ల పళ్ళన్నీ ఏటవాలుగా ఉంటాయి.

అత్తయ్య ముక్కను వదిలేసి కోడలి మొహం చూస్తోంది. నలభై ఏళ్ళు సంసారం చేసిన మనిషి, ఒకరు చెప్పాలా?

"నువ్వేనా?"

ఆమె తలూపింది. తర్వాత అంతా చెప్పేసింది, నర్సమ్మ నుంచి మాష్టారి చెవి దాకా. చెప్తున్నంతసేపూ చేతిలో ముక్కను తుడుస్తూనే ఉంది.

అత్తయ్య గడప మీద కూర్చుంది. వడపోతను పక్కన పెట్టింది.

"ఆయనకి పిల్లలున్నారా?"

"ముగ్గురు కొడుకులు."

"సంపాదిస్తున్నారా?"

"ఆఁ."

"మనకి నువ్వొక్కదానివే," అంది ఆవిడ, నేలకేసి చూస్తూ. "నేను చెడ్డదాన్ని కాదే. ఊరికే లెక్క చెప్తున్నా. ఆ వయసులో ఇవాళ కాకపోతే రేపైనా ఆయన మానేసేవాడే కదా. నువ్వు మానేస్తే నా కొడుకు మొహం ఎలా చూడను? ఆ ముక్క కాలవలో పారేసి, మిగతా పని కానియ్యి."

ఆమె ముక్కను కాగితంలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. పెరట్లో వద్దు, దారిలో ఎక్కడైనా పారేస్తానంది. కొత్త వాషరు పెట్టి కింది బోల్టు బిగించి, మళ్ళీ కిందికి దూరింది. పై బోల్టు రంధ్రంలోకి పొడుగాటి గొట్టం దూర్చి, రెండో కొస బానెట్ లోంచి పైకి తీసి గరాటుకు తగిలించింది. అత్తయ్య పైనుంచి పోస్తుంటే తను కిందనుంచి చూడాలి. రంధ్రం అంచు దాకా వచ్చి బయటికి కారడం మొదలైతే నిండినట్టు.

"పొయ్యండి. మెల్లిగా... ఇంకా... ఇంకా... ఆఁ ఆఁ, చాలు!"

"చాలంటే ఆపాలా, తగ్గించాలా?"

"ఆపండి అత్తయ్యా!"

"ఆపానే! గొట్టంలో ఉన్నదాన్ని నేనేం చెయ్యను, మింగనా?"

ఆయిల్ ఆమె చెవి మీద పడి జుట్టులోకి పాకింది. ఇద్దరూ నవ్వారు. మళ్ళీ ఇద్దరూ ఒకేసారి ఆపేశారు.

అన్నీ బిగించి, దిమ్మెలు తీసి, కారు దించి, గేటు బయటికి తీసింది. రివర్సు వేసింది. చెవులు రిక్కించి విన్నా ఎక్కడో దూరంగా, ఉందా లేదా అన్నట్టు చిన్న చప్పుడు. తెలిసినవాళ్ళు వెతికితే తప్ప దొరకదు. ఓనరుకు కార్లు కొనడం వచ్చు గానీ, బానెట్ కింద ఏముంటుందో ఆయనకు దేవుడెరుగు. గట్టెక్కేసింది. రాత్రి మాత్రం హ్యాండ్‌బ్యాగు తెరిచి ఆ కాగితం పొట్లం రెండుసార్లు చూసుకుంది.

సోమవారం పొద్దున వెళ్ళేటప్పుడు దారిలో మురుగుకాలవ దగ్గర కారు ఆపింది. కిటికీ దించింది. వెనకాల ఎవరో హారన్ కొడితే ఉలిక్కిపడి, కిటికీ ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

స్కూలు దగ్గర ఓనరు ముందే వచ్చి ఉన్నాడు. వర్క్‌షాపుకి తనే తీసుకెళ్తానని తాళాలు అడిగి తీసుకుని, కారెక్కి రివర్సు వేశాడు. ఆపాడు. మళ్ళీ వేశాడు. తల బయటపెట్టాడు. మొహం వెలిగిపోతోంది.

"శబ్దం లేదే!"

బెంచీ మీద వాళ్ళు మెడలు చాచారు. ఆ చివర మాష్టారు కూర్చుని ఉన్నాడు, ఈసారి ఇస్త్రీ లేని చొక్కాతో.

"చూశారా?" ఓనరు దిగి, తొడ మీద చరుచుకున్నాడు. "రెండంటే రెండు రోజులు ఈయన చెయ్యి పడలేదు. బండి దానంతట అదే బాగైపోయింది! ఇక వర్క్‌షాపు దేనికి? మాష్టారూ, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి చెప్పండి?"

క్లచ్ మేడమ్ హ్యాండ్‌బ్యాగును దగ్గరికి లాక్కుంది. తను దొరకకూడదనే అనుకుంది. దొరకలేదు. తను బాగుచేసిన బండే వచ్చి ఆయన మీద చాడీ చెప్పింది.

మాష్టారు లేచాడు. జేబులోంచి స్కూలు వాళ్ళిచ్చిన గుర్తింపు కార్డు తీసి, ఓ పక్క దుమ్ముంటే బొటనవేలితో తుడిచి, ఓనరు చేతిలో పెట్టాడు.

"నిజమే బాబూ," అన్నాడు. "నా చేతిలోనే పాడైంది. పెద్దవాణ్ణైపోయాను."

"పాడుచేసింది నేనే."

ఎవరన్నారో ఆమెకే తెలియలేదు. అందరూ తన వైపు తిరిగాక తెలిసింది. కారు డోరు పట్టుకుంది. "నెలన్నర అయింది సార్. బండి ఆగకముందే రివర్సు లాగాను. నర్సమ్మ తప్పు కూడా ఏం లేదు. నిన్న ఆయిల్ దింపితే ముక్క దొరికింది. శబ్దం తగ్గింది కొత్త ఆయిల్ వల్ల. మాష్టారికి వినపడకపోవడానికీ దీనికీ ఏ సంబంధం లేదు." కాగితం విప్పి కారు బానెట్ మీద పెట్టింది.

ఓనరు ముక్క వైపు చూడలేదు. ఆమెనే చూస్తున్నాడు.

మాష్టారు నెమ్మదిగా వచ్చి ముక్కను రెండు వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "రివర్సు పన్ను," అన్నాడు. గొంతు మామూలుగా, ఎప్పట్లాగే ఉంది. "నేను చేశాననుకున్నానే. ఒకరోజు మధ్యాహ్నం ఇక్కడి షెడ్డులో పెడుతూ, ఆగకముందే వేశానేమో అనిపించింది. అప్పట్నుంచే టక్ టక్ మంటోంది."

"మీకు వినపడిందా?" అంది ఆమె. గొంతు పెంచలేదు. గుసగుసలాగే వచ్చింది.

"వినపడకేం? బ్రహ్మాండంగా వినపడింది." ఆయన ముక్కను జాగ్రత్తగా కాగితంలో పెట్టాడు. "చేతకానివాడు పాడుచేశాడంటే మెడపట్టి గెంటుతారు. చెవిటివాడంటే జాలిపడతారు కదా అనుకున్నా. భయం తల్లీ. మూడు రోజులుగా ఇంట్లో కూడా టీవీ పెద్దగా పెట్టుకుని కూర్చున్నా. మా ఆవిడ అరిచీ అరిచీ నిన్న గొంతు పోగొట్టుకుంది."

బెంచీ మీద ఎవరికో నవ్వొచ్చి, దాన్ని మింగేసుకున్నారు.

"నాకూ భయమేసింది మాష్టారూ," అంది ఆమె.

ఆయన అప్పుడు తలెత్తి ఆమెను చూశాడు. ఆ చూపులో జాలి లేదు. "శుక్రవారం నన్ను అందరి ముందూ అంటుంటే నువ్వు పక్కనే ఉన్నావు," అన్నాడు.

ఆమె తలదించుకుంది. చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి కూడా లేవలేదు.

ఓనరు కార్డు మాష్టారి జేబులో తిరిగి పెట్టాడు. తర్వాత ఆమెతో, "మీరు రేపట్నుంచి రావద్దు," అన్నాడు.

"సరే సార్," అంది ఆమె. హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని గేటు వైపు నడిచింది. ఇంటికెళ్ళి అత్తయ్యకు ఏమని చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

"ఎక్కడికి?" వెనకనుంచి మాష్టారు కేకేశాడు. "ఆయన రేపట్నుంచి అన్నాడు. ఏడింటి క్లాసుకి ఆ బెంచీ మీది పిల్ల వచ్చి అరగంటైంది. కూర్చో వెళ్ళి."

ఓనరు ఏదో అనబోయి, మాష్టారి మొహం చూసి తాళాలు ఆ పిల్ల చేతికిచ్చాడు.

ఆమె వెనక్కి వచ్చి పక్క సీట్లో కూర్చుంది. స్టీరింగు ముందు కూర్చున్న పిల్ల, బిక్కమొహం వేసుకుని, ఏం చెయ్యాలో తెలియక ఆమెనే చూస్తోంది. ఆమె మొహం తుడుచుకుంది. సీటు బెల్టు పెట్టుకుంది.

"చేతులు వదులుగా పెట్టుకో అమ్మా," అంది. "ముందు అద్దం చూసుకో."